ఎక్స్‌ఎఫ్‌ఎస్

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనేది సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ తన యూనిక్స్ రకమైన ఐరిక్స్ కోసం రూపొందించి, తర్వాత లినక్స్‌కు ఓపెన్ సోర్సుగా ఇచ్చిన 64 బిట్ల జర్నలింగ్ ఫైల్ సిస్టమ్. 1993లో పని మొదలై, 1994లో ఐరిక్స్ 5.3తో వెలువడింది. ఇది డిస్కును స్వతంత్ర కేటాయింపు భాగాలుగా విడదీసి, ఖాళీ స్థలాన్ని బి ప్లస్ ట్రీలలో నమోదు చేస్తుంది. అందువల్ల పలు ప్రాసెసర్లు వేర్వేరు భాగాల్లో ఏకకాలంలో స్థలం కేటాయించగలవు.

జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద దీన్ని విడుదల చేస్తామని సిలికాన్ గ్రాఫిక్స్ 1999లో ప్రకటించాక, ఇతరుల హక్కులకు లోబడిన కోడ్ ఉందేమోనని మూల కోడంతా పరిశీలించాల్సి వచ్చింది. ఐరిక్స్‌లో ఫైళ్లను సూచించే వీనోడ్ పద్ధతికీ లినక్స్ వర్చువల్ ఫైల్ సిస్టమ్ (వీఎఫ్‌ఎస్)కూ పొంతన లేనందున నడుమ ఒక అనుసంధాన పొర రాశారు. లినక్స్ కోసం ఎక్స్‌ఎఫ్‌ఎస్ 1.0 కూర్పు 2001 మేలో వచ్చింది, 2002లో లినక్స్ 2.5 శ్రేణి కెర్నెల్‌లో చేరింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 (2014) దీన్ని డిఫాల్టుగా స్వీకరించింది. పుట్టిల్లయిన ఐరిక్స్ చివరి కూర్పు 2006లోనే వెలువడింది.