ఫుతూర్ నుంచి పితూరీ దాకా: ఒక లఫ్జ్ సఫర్

మన ఇళ్లలో పిల్లాడు మొండికేస్తే దాదీమా "ఇస్‌కే దిమాగ్ మే ఫితూర్ హై" అంటుంది. పక్కింటి అబ్బాయి తమ్ముడి మీద చాడీ చెబితే వాళ్లమ్మ "పితూరీలు చెప్పకు" అంటుంది. రెండూ ఒకే లఫ్జ్. పెదబయలు, పాడేరు, చింతపల్లి కొండల తారీఖులో మాత్రం ఆ లఫ్జ్‌కు తుపాకుల చప్పుడు ఉంది.

అరబీలో ఫుతూర్ అంటే సుస్తీ, పట్టు సడలడం. ఈదుల్ ఫిత్ర్‌లోని ఫిత్ర్ వేరు. అది 'తోయ్'తో, ఇది 'తే'తో. తెలుగు లిపిలో ఆ ఫర్క్ కనబడదు. ఫారసీ, ఉర్దూల్లోకి వచ్చేసరికి ఫుతూర్‌కు ఖలల్ అనే మానీ వచ్చింది. అంటే సాఫీగా నడుస్తున్నది చెడిపోవడం. అక్కడి నుంచి ఫసాద్‌కు ఒక్క అడుగే.

ఉత్తర సర్కారుల్లో నవాబుల కాలం నుంచి దఫ్తర్ల జుబాన్ ఫారసీ. తెల్లదొరలు వచ్చాక కూడా తహసీల్దార్, ఆబ్కారీ, మన్సబ్‌దార్ లాంటి మాటలు అలాగే నిలిచాయి. కొండల్లో జనం తిరగబడితే దానికి పడ్డ పేరూ ఆ కోవలోదే: ఫితూరీ. తెలుగు నోట్లో 'ఫ' కాస్తా 'ప' అయింది.

1879 మార్చిలో రంపలో పితూరీ లేచింది. కొండవాళ్లు తమ చెట్లకు తాము గీసుకునే కల్లు మీద కూడా పన్ను పడింది. ఆబ్కారీ హక్కు మైదానం కాంట్రాక్టర్ల చేతికి పోయింది. పైగా మన్సబ్‌దార్ వసూళ్లు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు సేద్యానికీ బందిష్ మొదలైంది. గూడెంలో డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న రాజును కాల్చి చంపారు.

ఇప్పుడు లఫ్జ్‌ను మళ్లీ చూడండి. ఖలల్ అంటే ఎవరి అమన్‌కు ఖలల్? దఫ్తర్‌లో కూర్చున్నవాడికి అంతకుముందు అంతా సాఫీగానే ఉంది. కల్లుకు పన్ను కట్టేవాడికి, కూలి అందనివాడికి ఆ సాఫీయే జుల్మ్. గడబడకు పేరు పెట్టే హక్కు ఎప్పుడూ దానివల్ల నిద్ర చెడినవాడి దగ్గరే ఉంటుంది. హంగామా, గలాటా, ఫసాద్ అని పొద్దున పేపర్లో చదివినప్పుడు, రాసే మాలాంటివాళ్లం, చదివే మీరూ అడగాల్సిన సవాల్ ఇదే: ఈ పేరు పెట్టిందెవరు?

2022లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. పెదబయలు అందులోదే. ఆ జిల్లాకు పెట్టింది పితూరీదారు పేరే. మనిషికి ఇన్సాఫ్ దొరికింది గానీ మాటకు దొరకలేదు. పితూరీ ఈనాడు తెలుగులో చాడీగా మిగిలింది. అయితే చాడీలోనూ ఒక ఫిర్యాదు ఉంటుంది. దాన్ని వేళకు వినేవాళ్లుంటే, అది పాత మానీలోని పితూరీ దాకా పోదు.