పెట్టెలో గాలికి లెక్క కట్టినవాళ్ళు

స్పీకర్ యూనిట్‌ను పెట్టె లేకుండా విడిగా కొంటే, దానితో ఒక కాగితం వస్తుంది. అందులో ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనే పేర్ల పక్కన కొన్ని అంకెలుంటాయి. జపాన్‌లో చేసినా డెన్మార్క్‌లో చేసినా చైనాలో చేసినా పేర్లు ఇవే. వీటన్నిటినీ కలిపి థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనేవి ఇద్దరు మనుషుల పేర్లనీ, ఇద్దరూ ఈ పని చేసింది సిడ్నీలోననీ చాలామందికి తెలీదు. లక్షలు పోసి స్పీకర్లు కొనేవాళ్ళలో కూడా.

ఇప్పుడు మనం వాడే కోను స్పీకర్‌కు రూపం ఇచ్చింది అమెరికాలో రైస్, కెలాగ్. అది 1925. కోను ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. మంద్ర స్వరాల దగ్గర ఈ రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వెనక గాలిని కట్టడి చెయ్యడానికే పెట్టె. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ తురాస్ పెట్టెకు ఒక రంధ్రం పెట్టి, లోపలి గాలి చేత కూడా పని చేయించవచ్చని చూపించాడు. 1932లో ఆయనకు పేటెంటు వచ్చింది.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. ఘటం వాయించే విద్వాంసుణ్ణి గమనించండి. కుండ మూతిని పొట్టకు ఆనిస్తూ, దూరం జరుపుతూ గుమ్మనే నాదాన్ని మారుస్తుంటాడు. మూతి దగ్గరి గాలి బరువులాగా, కుండలోపలి గాలి స్ప్రింగులాగా పనిచేస్తాయి. రంధ్రమున్న స్పీకర్ పెట్టెలో జరిగేది కూడా ఇదే.

చిక్కల్లా కొలతల దగ్గర వచ్చింది. ఫలానా యూనిట్‌కు ఎంత పెట్టె కావాలి? రంధ్రం ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలి? చాలామంది తయారీదారులు చేసి చూసి, విని, మళ్ళీ కోసి సరిచేసుకునేవారు. లెక్క తప్పితే ప్రతి పాటలోనూ ఒకే స్వరం బుడబుడమంటుంది. రంధ్రం పెట్టెలకు ఆ రోజుల్లో చెడ్డపేరు రావడానికి కారణం అదే.

థీల్ 1920లో బ్రిస్బేన్‌లో పుట్టాడు. సిడ్నీలో ఇ.ఎం.ఐ. సంస్థలో ఇంజినీరుగా పనిచేసేవాడు. ఫిల్టర్ సర్క్యూట్ల గణితం ఆయనకు బాగా తెలుసు. యూనిట్, పెట్టె, రంధ్రం మూడూ కలిసి నాలుగో తరగతి హైపాస్ ఫిల్టర్‌లా ప్రవర్తిస్తాయని ఆయన గమనించాడు. అలాగైతే ఫిల్టర్లకు ఏనాడో సిద్ధమైన పట్టికలు పెట్టెలకూ పనికొస్తాయి. పద్ధతులన్నిటినీ వరసగా 28 అమరికలుగా పట్టిక వేశాడు. యూనిట్ గుణాలు కొలవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదనీ, ఇంట్లో ఉండే వోల్టు మీటరు లాంటి సామాన్య పరికరాలు చాలుననీ చూపించాడు.

ఆ వ్యాసం 1961లో ఆస్ట్రేలియా రేడియో ఇంజినీర్ల సంస్థ పత్రికలో అచ్చయింది. పరిశ్రమ అంతా అమెరికా, ఇంగ్లండుల్లో ఉంది. అక్కడ ఆ పత్రిక చదివేవాళ్ళు తక్కువ. పదేళ్ళు అది అలాగే ఉండిపోయింది. తెలుగులో రాసేవాళ్ళకు ఈ పదేళ్ళ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

దాన్ని బయటికి తెచ్చినవాడు ఒక వలసదారు. కాలిఫోర్నియాలో పుట్టిన రిచర్డ్ స్మాల్ 1960లలో సిడ్నీ విశ్వవిద్యాలయానికి వచ్చి, స్పీకర్ల మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఎ.డబ్ల్యు.ఎ. సంస్థలో జె.ఇ.బెన్సన్ కూడా అదే ఊళ్ళో ఇదే విషయం మీద విస్తారంగా రాస్తున్నాడు. థీల్ వ్యాసాన్ని అమెరికాలోని ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రిక 1971లో మళ్ళీ వేసింది. మరుసటి ఏడాది నుంచి స్మాల్ వ్యాసాలు అదే పత్రికలో వరసగా వచ్చాయి. ఆ తరవాత ఇక పెట్టె కోసి వినడం కాదు, ముందు లెక్క, తరవాత రంపం.

స్మాల్ లెక్కల్లో కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ కరెంటుతో పెద్ద శబ్దం: ఈ మూడూ ఒకేచోట దొరకవు. పెట్టె సైజు మార్చకుండా బాస్‌ను ఒక స్థాయి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి దించాలంటే, సామర్థ్యం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 10 వాట్లతో వచ్చే శబ్దానికి 80 వాట్లు కావాలి. సామర్థ్యం పోకూడదంటే పెట్టె ఎనిమిది రెట్లు కావాలి. అరచేతంత స్పీకర్ గదంతా దద్దరిల్లిస్తుందని అమ్మేవాళ్ళెవరైనా చెబితే, ఈ మూడింట్లో దేన్ని వదులుకున్నారో అడగండి. ధర ఎంతైనా ఆ ప్రశ్న చెల్లుతుంది.

మీరేం వింటారన్నది కూడా లెక్కలోకి రావాలి. బాస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్. సినిమా పాటలు ఎక్కువ వినేవాళ్ళకు అక్కడిదాకా దిగే స్పీకర్ కావాలి. గాత్ర కచేరీలు వినేవాళ్ళకు అంత లోతు అవసరం లేదు. ఆ డబ్బు గొంతు స్పష్టంగా పలకడానికి పెట్టుకోవచ్చు.

ఈ గణితం మంద్ర స్వరాల దగ్గరే ఆగిపోతుంది. గొంతులో మాధుర్యం, వయొలిన్ మీద కమాను రాపిడి దీని పరిధిలోకి రావు. గది కూడా రాదు. 4 మీటర్ల దూరంలో ఎదురెదురు గోడలుంటే 43 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఉబ్బుతుంది. స్పీకర్‌ను మూలకు నెడితే మరీను. పాలరాతి నేల, బోసి గోడలున్న మన ఇళ్ళలో పై స్వరాలు ఖంగుమంటాయి. కార్పెట్టు, పలచని జిప్సం గోడలున్న ఆస్ట్రేలియా ఇంట్లో అదే జత మరోలా పలుకుతుంది. అందుకే మీ గదిలో విన్నాకే డబ్బు కట్టండి.

ఏళ్ళు గడిచాక కోను చుట్టూ ఉన్న నురుగు అంచు పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు సైజు సరిపోయింది కదా అని ఏదో యూనిట్ బిగిస్తే, పెట్టెకూ దానికీ పొత్తు కుదరక బాస్ పాడవుతుంది. పాత యూనిట్‌కే అంచు మార్పించుకోవడం మంచిది. కొత్తది తప్పదంటే ఆ కాగితం మీది అంకెలు పాతవాటికి దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

థీల్ తరవాత ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఎ.బి.సి.లో పనిచేసి, 2012లో కన్నుమూశాడు. స్మాల్ ఇంగ్లండులో కె.ఇ.ఎఫ్. సంస్థకు వెళ్ళాడు. ఇద్దరూ ఆ లెక్కలను వ్యాపార రహస్యంగా దాచుకోలేదు, పత్రికల్లో అచ్చువేశారు. గ్యారేజీలో పెట్టె చేసుకునే కుర్రాడికీ, కోట్ల వ్యాపారం చేసే కంపెనీకీ ఈ రోజు దొరికేది ఒకటే సూత్రం.