ఓడలపై మందిరములు

సముద్రయానము చేయువారికి ఎండ, వాన, కెరటములనుండి రక్షణ కావలెను. అందులకై ఓడ డెక్కుపై గదులు కట్టుట ప్రాచీనకాలమునుండి ఉన్న పద్ధతి. భోజరాజు పేర ప్రసిద్ధమైన 'యుక్తికల్పతరువు' అను సంస్కృత గ్రంథము, గదులున్న స్థానమునుబట్టి ఓడలను మూడు తరగతులుగా విభజించినది. ఈ చివరనుండి ఆ చివరవరకు గదులున్నది 'సర్వమందిర'. రాజుల ధనమును, గుఱ్ఱములను, స్త్రీలను చేరవేయుటకు అది తగినది. నడుమ మాత్రమే గదులున్నది 'మధ్యమందిర'. అది రాజుల విహారమునకును, వర్షకాలమునకును ఉచితము. ముందుభాగమున గదులున్న 'అగ్రమందిర' దూరయాత్రలకును, యుద్ధములకును ఉపయోగించునది. ఓడ చేయవలసిన పనినిబట్టియే గది ఎచట ఉండవలెనో నిర్ణయించిరన్నమాట.

మధ్యయుగమున ఐరోపాలో ఈ గదులు కోటలుగా మారినవి. ఓడకు ముందు వెనుకల ఎత్తైన కొయ్య బురుజులు కట్టి, వానిపైనుండి విలుకాండ్రు శత్రువులపై బాణములు కురిపించెడివారు. అయితే ఎత్తు పెరిగినకొలది గాలి తాకిడి హెచ్చును. ఓడ గురుత్వకేంద్రము పైకి జరుగును. ఆంగ్లేయులు 16వ శతాబ్ది ఉత్తరార్ధమున తమ యుద్ధనౌకల బురుజులను తగ్గించి, వానిని చురుకుగా తిరుగునట్లు చేసికొనిరి.

ఎత్తువలన కలుగు అపాయమునకు స్వీడన్ యుద్ధనౌక 'వాసా' గొప్ప నిదర్శనము. దానికి ఎత్తైన వెనుక మందిరము, రెండు అంతస్తులలో బరువైన ఫిరంగులు ఉండెను. ప్రయాణమునకు ముందు 30 మందిని డెక్కుపై ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించి చూచిరి. ఓడ మిక్కిలి ఊగుటచే పరీక్షను నడుమనే ఆపివేసిరి. ఓడను మాత్రము ఆపలేదు. 1628 ఆగస్టు 10న అది స్టాక్‌హోమ్ రేవునుండి బయలుదేరి సుమారు 1,300 మీటర్లు పోయినదో లేదో, గాలికి ఒరిగినది. క్రింది ఫిరంగి కిటికీలనుండి నీరు చొరబడి మునిగిపోయినది. సుమారు 30 మంది మరణించిరి. 1961లో ఆ ఓడను పైకి తీసిరి.

ఒరిగిన ఓడ తిరిగి ఎట్లు లేచును? బరువు ఓడను క్రిందికి లాగును. నీరు పైకి నెట్టును. ఓడ ఒరిగినప్పుడు మునిగిన భాగపు ఆకారము మారి, నీటి నెట్టుడు ఒరిగిన ప్రక్కకు జరుగును. ఆ బలరేఖ ఓడ మధ్యరేఖను ఖండించు బిందువు గురుత్వకేంద్రమునకు పైన ఉన్నచో ఓడ లేచి నిలుచును. క్రింద ఉన్నచో తలక్రిందులగును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బూగే 1746లో ఈ సూత్రమును వివరించెను.

ఈ జ్ఞానము వలననే నేడు ప్రయాణికుల ఓడలపై ఎన్నియో అంతస్తులు లేవగలిగినవి. యంత్రములను, ఇంధనమును అడుగున ఉంచి, పై కట్టడమును తేలికగా నిర్మింతురు. 1952లో ప్రయాణములు ప్రారంభించిన 'యునైటెడ్ స్టేట్స్' అను ఓడ పైభాగమును అల్యూమినియముతో కట్టిరి. క్రొత్త ఓడను పనిలోనికి దింపుటకు ముందు, తెలిసిన బరువులను డెక్కుపై ప్రక్కకు జరిపి, అది ఎంత ఒరిగినదో కొలిచి, గురుత్వకేంద్రమును లెక్కకట్టుదురు. ఆనాడు 30 మంది పరుగుతో చేసిన పరీక్ష వంటిదే ఇది. అయితే నేడు ఫలితము సరిగా లేని ఓడను సముద్రమునకు పంపరాదు.