సబ్బు పొర నుంచి దిగొచ్చిన వంతెన

వంతెన బొమ్మ గీయమంటే చిన్నపిల్లలు కూడా ఒకేలా గీస్తారు. పైన ఒక అడ్డగీత, కింద నాలుగు నిలువుగీతలు. రోడ్డు వేరు, దాన్ని మోసే స్తంభాలు వేరు. ఇంజనీర్లు గీసేవి కూడా చాలావరకూ ఇవే, కాకపోతే కొలతలుంటాయి.

దక్షిణ ఇటలీలోని పొటెన్జా ఊళ్ళో, బసెంతో నది మీద ఉన్న వంతెనని ఇలా గీయలేం. అక్కడ స్తంభం ఎక్కడ మొదలైందో, ఆర్చి ఎక్కడ ముగిసిందో వేలు పెట్టి చూపించడం కష్టం. రోడ్డు కింద ఒకటే కాంక్రీటు పొర. అది కొన్నిచోట్ల వంగి కిందికి దిగి నేలని తాకుతుంది, కొన్నిచోట్ల పైకి లేచి రోడ్డుని పట్టుకుంటుంది. ఎవరో తడిబట్టని నాలుగు వైపులా లాగిపట్టి, అలాగే గడ్డకట్టించినట్టు ఉంటుంది. ఒక ఆధారం నుంచి ఇంకోదానికి దూరం 70 మీటర్లు. పొర మందం 30 సెంటీమీటర్లు, అంటే ఒక స్కూలు స్కేలు పొడవు. లారీలన్నీ దాని మీదుగానే వెళ్తాయి. నేను ఫోటోల్లోనే చూశాను. మొదటిసారి చూసినప్పుడు ఇది వంతెన కాదు, ఎవరో శిల్పి సరదా అనుకున్నాను. ఆ అనుకోవడం తప్పని తెలియడానికి కొంత చదవాల్సొచ్చింది.

దీన్ని డిజైన్ చేసిన సెర్జియో ముస్మేచి 1926లో రోమ్‌లో పుట్టాడు. సివిల్ ఇంజనీరింగ్‌తో పాటు విమానాల ఇంజనీరింగూ చదివాడు. మొదట్లో నెర్వి, మొరాందీ లాంటి పెద్దల దగ్గర పనిచేశాడు. ఆయనకి తన వృత్తితోనే ఒక పేచీ ఉంది. కాలేజీలో నేర్పేదేమిటి? ముందు ఒక ఆకారం అనుకో, తర్వాత దాంట్లో ఎక్కడెక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టు, చాలకపోతే మందం పెంచు. ముస్మేచికి ఇది తలకిందులుగా కనిపించింది. ఒత్తిడి ఎలా ఉండాలో ముందు మనమే నిర్ణయించుకుంటే, అప్పుడు తెలియాల్సింది ఆకారం కదా! లెక్క చివర్లో బయటికి రావాల్సిన జవాబుని మొదట్లోనే ఊహించేసి, దాన్ని నిలబెట్టడానికి నానా తంటాలు పడటం ఎందుకు?

ఈ ఆలోచనకి పూర్వీకులున్నారు. వేలాడే గొలుసుని తిరగేస్తే నిలబడే ఆర్చి వస్తుందని రాబర్ట్ హుక్ 1670లలోనే చెప్పాడు. గౌడీ బార్సిలోనాలో దారాలకి బరువులు కట్టి, వేలాడదీసి చర్చిలకి ఆకారం వెతికాడు. స్విట్జర్లాండ్‌లో హైంజ్ ఇజ్లర్ వేలాడే బట్టలతో కాంక్రీటు కప్పులకి ఆకారం రాబట్టాడు. జర్మనీలో ఫ్రై ఒట్టో గుడారాల కోసం సబ్బు పొరల్ని ఆశ్రయించాడు. కానీ కప్పు మోసేది దాదాపు తన బరువే. వంతెన మీద బండ్లు వెళ్ళాలి. ఆ తేడా చిన్నది కాదు.

తీగని చట్రంలా వంచి సబ్బునీళ్ళలో ముంచి తీస్తే పల్చటి పొర ఏర్పడుతుంది. ఆ పొర వీలైనంత తక్కువ వైశాల్యానికి ముడుచుకుంటుంది. దాంట్లో ఏ బిందువు దగ్గర చూసినా, ఏ దిక్కులో చూసినా, లాగుడు ఒకటే. ఎక్కడా కాస్త ఎక్కువా లేదు, కాస్త తక్కువా లేదు. ఇప్పుడు అదే ఆకారంలో కాంక్రీటు పోసి, లాగే చోట్ల నొక్కితే లాగుడంతా నొక్కుడుగా మారుతుంది. కాంక్రీటుకి కావాల్సింది సరిగ్గా అదే. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం పగిలిపోతుంది.

ఇక్కడిదాకా కథ అందంగానే ఉంది. చిక్కంతా తర్వాతే. సబ్బు పొర అన్ని దిక్కులా సమానంగా లాగుతుంది. వంతెన ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి పోయేది. పొడవు వైపు ఎక్కువ బలం కావాలి, అడ్డంగా అంత అక్కర్లేదు. అందుకని ముస్మేచి సబ్బుని పక్కనపెట్టి రబ్బరు షీటు పట్టుకున్నాడు. రబ్బరుని ఒక వైపు ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా సాగదీయొచ్చు. దాన్నుంచి వచ్చిన ఆకారాన్ని సమీకరణాలతో సరిచూసి, ప్లాస్టిక్ నమూనా చేసి, ఆ తర్వాత అసలు వంతెనలో పదోవంతు సైజులో సన్నరకం కాంక్రీటుతో ఇంకో నమూనా పోయించి, బెర్గామోలోని ఇస్మెస్ ప్రయోగశాలలో బరువులతో పరీక్షించారు. సబ్బు బుడగ నుంచి వంతెన పుట్టిందని జనం ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, నన్నడిగితే అసలు కథ ఆ బుడగని వదిలేయడంలో ఉంది.

కాగితం మీద డిజైన్ 1960ల చివర్లో మొదలైంది. కట్టడం 1971 నుంచి 1976 దాకా సాగింది. ఎక్కడా చదునుగా లేని పొరకి సెంట్రింగు కొట్టడమంటే వడ్రంగులకి పరీక్షే. అలాంటి ఉపరితలానికి చెక్కలు సన్నగా కోసి, ఒక్కోదాన్నీ కొద్దికొద్దిగా తిప్పుతూ పేర్చుకుపోవాలి. ఆ చెక్కల గుర్తులు ఇప్పటికీ కాంక్రీటు మీద కనిపిస్తాయి. నాకైతే ముస్మేచి సమీకరణాల కన్నా ఆ గీతలే ఎక్కువసేపు చూడాలనిపిస్తుంది. ఈ వంతెనకి తోబుట్టువులు పుట్టకపోవడానికి కారణం కూడా వాటిలోనే ఉందేమో. కాంక్రీటు మిగిలింది, నిజమే. కానీ చెక్కపనికి మనుషులు కావాలి, రోజులు కావాలి. అప్పటికే ప్రపంచమంతా ఫ్యాక్టరీలో పోసిన తిన్నటి దూలాల్ని క్రేన్‌తో పైకెత్తి పెట్టేసే పద్ధతికి మళ్ళుతోంది. తక్కువ పదార్థంతో కట్టడం వేరు, తక్కువ ఖర్చుతో కట్టడం వేరు. ముస్మేచి మొదటిదాన్ని సాధించాడు. కాంట్రాక్టర్లు అడిగేది రెండోది.

1980 నవంబర్ 23న ఇర్పీనియా భూకంపం వచ్చింది. రెండున్నర వేలమందికి పైగా చనిపోయారు. పొటెన్జాలోనూ ఇళ్ళు దెబ్బతిన్నాయి. వంతెన నిలబడింది. తర్వాతి ఏడాదే ముస్మేచి చనిపోయాడు, ఇంకా యాభైల్లోనే. 2003లో ఇటలీ ప్రభుత్వం ఈ వంతెనని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ముప్పై ఏళ్ళయినా నిండని రోడ్డు వంతెనకి ఇలాంటి గుర్తింపు రావడం అరుదు.

గుర్తింపు వచ్చినంత మాత్రాన తుప్పు ఆగదు కదా. 30 సెంటీమీటర్ల పొరలో ఇనప ఊచలకి నీళ్ళు తగలడానికి పెద్ద దూరమేమీ లేదు. 2018 ఆగస్టులో జెనోవాలో మొరాందీ కట్టిన వంతెన కూలి 43 మంది పోయాక, ఇటలీలో ఆ కాలపు కాంక్రీటు వంతెనలన్నిటినీ అనుమానంగా చూడటం మొదలైంది. అందులో తప్పేం లేదు. కానీ దూలం పాడైతే తీసి ఇంకోటి పెట్టొచ్చు. ఇక్కడ తీయడానికి విడి భాగమంటూ లేదు. మొత్తం ఒకటే పొర.

ముస్మేచికి ఇంకో కోరిక కూడా ఉండేది. పైన బండ్లు పోతుంటే, రోడ్డుకీ పొరకీ మధ్య ఉన్న ఖాళీలో, ఆ వంపుల మీదే మనుషులు నడవాలని.