గుత్తికోయ అన్న పేరు ఎవరిది? స్థిర నివాస హక్కుపై ఒక పరిశీలన

వేంసూరు మండలంలో మిరప కోతలు ముగింపుకొచ్చిన రోజుల్లో చేను గట్టున ఒక తల్లి తన కాగితాలు నా ముందు పరిచింది. అన్నీ ఒకే క్యారీబ్యాగులో, దానిమీద ఇంకో క్యారీబ్యాగులో చుట్టి ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా చిరునామాతో ఆధార్, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంగన్‌వాడీలో పుట్టిన బిడ్డకు రాసిచ్చిన టీకాల కార్డు, ముఠా మేస్త్రీ కూలి లెక్క రాసిచ్చిన చీటీ. కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళ్తే "మీది ఇక్కడ కాదు" అన్నారట. మీరు గుత్తికోయలేనా అని అడిగాను. "మేం కోయతోర్‌లం సారూ. గుత్తి అనేది మీరు పెట్టిన పేరు" అంది.

ఈ వ్యాసానికి మూలం ఆ జవాబే. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులపై రాజ్యం అండతో నడిచిన సల్వాజుడుం తర్వాత గోదావరి దాటి వచ్చినవారిపై రాసినవాళ్లు పోడు గురించి రాశారు, అడవి నరికివేత గురించి రాశారు, మావోయిస్టుల గురించి రాశారు. ఆ వచ్చినవాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారో అడిగినవాళ్లు తక్కువ. నా దృష్టిలో నివాస హక్కు ప్రశ్న మొత్తం ఆ పేరు దగ్గరే ముడిపడి ఉంది.

బయటివాళ్లు పేరు పెట్టే ఈ పొరపాటుకు వేరు బస్తర్ సంస్థానంలో పాలనాధికారిగా పనిచేసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ దగ్గర ఉంది. 1938లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన బస్తర్ గోండులను కొండ మారియాలని, దున్నకొమ్ము మారియాలని విడదీశాడు. నాట్యంలో తలకు పెట్టుకునే కొమ్ముల పాగాను బట్టి ఒక జనానికి పేరు పెట్టడం పాలకుడి సౌకర్యం. ఆ జనం తమను తాము అలా పిలుచుకోలేదు. ఆయన శ్రమను నేను తక్కువ చేయను. ఆ కొండల్లో కాలినడకన తిరిగి రాసినవాడు. కానీ ఆ విభజనను మన విశ్వవిద్యాలయాలు శిలాశాసనంలా మోశాయి. బస్తర్ వైపున ఉన్నవాడు మురియా, మారియా. ఇవతల ఉన్నవాడు కోయ అని పాఠం చెప్పాయి. మధ్యలో గీసిన పాలనా సరిహద్దు జాతి సరిహద్దైపోయింది. ఈనాడు కుల ధ్రువీకరణ పత్రం నిరాకరించే గుమాస్తా గ్రిగ్సన్ పేరు విని ఉండకపోవచ్చు. అయినా ఆయన పట్టికనే అమలు చేస్తున్నాడు.

గ్రిగ్సన్‌కు ముందే ఇక్కడ వేరే సాక్ష్యం ఉంది. డుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కేన్ 19వ శతాబ్దంలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. కరువులకు, కలహాలకు తాళలేక బస్తర్ మెట్ట నుంచి దిగి వచ్చామని భద్రాచలం కోయలు చెప్పుకునే మాటను నమోదు చేశాడు. ఎడ్గర్ థర్స్టన్ 1909 నాటి సంపుటాల్లో కోయల గురించి చెప్పినదానిలో చాలా భాగం కేన్ చలవే. అంటే నేడు స్థానికులుగా గుర్తింపు పొందిన కోయలు కూడా తమ జ్ఞాపకంలో వలసవచ్చినవాళ్లే. ముందు దిగినవాడు స్థానికుడు, తర్వాత దిగినవాడు చొరబాటుదారుడు. తేడా కొన్ని తరాలదే.

ఇక జాబితా. తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోయ పద్దు కింద "గుట్ట కోయ" ఉంది. గోండు పద్దులో "కోయితూర్" ఉంది. చేను గట్టున ఆ తల్లి చెప్పిన పేరు, రాష్ట్రపతి ఉత్తర్వులో అచ్చయిన పేరు ఒకటే. గుట్ట మీద కోయ గుట్టకోయ. దాన్ని మనం గుత్తికోయ, గొత్తికోయ అని నోటికొచ్చినట్టు పలికి, ఆ పలుకు జాబితాలో లేదంటున్నాం. ఈ ఒక్క అక్షర భేదం మీద ఒక తరం పిల్లల చదువు ఆగిపోయింది.

న్యాయశాస్త్రజ్ఞులు మర్రి చంద్రశేఖరరావు కేసు (1990) చూపిస్తారు. తెనాలిలో పుట్టిన గిరిజన విద్యార్థి మహారాష్ట్రలో ఆ హోదా కోరితే, రాష్ట్రం మారితే హోదా వెంట రాదని సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒక రాష్ట్ర జాబితాలోని పేరు ఇంకో రాష్ట్ర జాబితాలో లేనప్పటి మాట అని నా వాదన. పైగా 2014 రాష్ట్ర విభజన సంగతి గుర్తుచేసుకోవాలి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అక్కడి కోయలు ఇంట్లో నిద్రపోయి లేచేసరికి రాష్ట్రం మారింది, హోదా మాత్రం మారలేదు. గీత మనిషి మీదుగా జరిగితే హోదా నిలుస్తుంది. తుపాకుల మధ్య నుంచి పిల్లల్ని చంకనెత్తుకుని మనిషే గీత దాటితే హోదా పోతుంది. ఇది ధర్మమా?

హోదా తర్వాత భూమి ప్రశ్న. అటవీ హక్కుల చట్టం (2006) గడువు 2005 డిసెంబర్ 13. ఆ తేదీకి ముందు భూమి సాగులో ఉండాలి. గిరిజనేతరులైతే ఆ తేదీ నాటికి 75 ఏళ్ల నివాసం చూపాలి. సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. ఊళ్లు తగలబడటం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది. చట్టంలోని 3(1)(ఎం) నిబంధన అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి ఇమ్మంటుంది. దానికీ అదే తేదీ. మొదటి ఆరునెలల్లో పారిపోయినవారికి దారి ఉంది, 2006లో పారిపోయినవారికి లేదు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు జుడుం తీరును రాజ్యాంగవిరుద్ధమంది. నేరం రాజ్యం వైపు తేలింది, శిక్ష పారిపోయినవాళ్లకు మిగిలింది.

తేదీలు దేవుడు రాసినవి కావు. అటవీ ఆక్రమణల క్రమబద్ధీకరణకు మొదట 1980 అక్టోబర్ 25 గడువు. అది పార్లమెంటు సంఘం చేతిలో 2005కు జరిగింది. అమెరికాలో పత్రాలు లేనివారి నివాసానికి 1929లో 1921 జూన్ 3 గడువు పెట్టారు. దాన్ని జరుపుతూ జరుపుతూ 1986లో 1972 జనవరి 1కి తెచ్చారు. ఆ 1986 చట్టం కిందే సుమారు 27 లక్షల మందికి స్థిర నివాసం దక్కింది. మన దేశంలోనే 1997లో మిజోరం నుంచి పారిపోయిన బ్రూ కుటుంబాలకు 2020 జనవరి 16 ఒప్పందంతో త్రిపురలో ఇంటి స్థలం, రూ. 4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు రూ. 5 వేలు, ఉచిత రేషన్ ఇచ్చారు. బ్రూలకు కుదిరింది కోయతోర్‌లకు ఎందుకు కుదరదు?

2022 నవంబర్ 22న చండ్రుగొండ అడవిలో గుత్తికోయల చేతిలో అటవీ అధికారి హత్య జరిగిందని, స్థానిక కోయలకు భూమి తగ్గుతుందన్న భయం ఉందని ఎదురు వాదన ఉంది. ఒక హత్య ఒక జాతి నివాస హక్కును రద్దు చేయదు.

ఈ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19(1)(ఇ) ఇచ్చింది. ఆ తల్లి పరాయి దేశస్థురాలు కాదు. ఆమెకు కావాల్సింది పౌరసత్వం కాదు, తన పేరుతో ఒక కాగితం. హైదరాబాద్‌లోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థకు నా విన్నపం ఒకటే: గూడెం గూడేనికీ వెళ్లి, ఎక్కడి నుంచి వచ్చారని కాకుండా, మీరెవరని ముందు అడగండి. వాళ్లు చెప్పిన మాటను వాళ్ల మాటగానే నివేదికలో రాయండి.