విత్తనం కాయలూ, స్పేర్ బ్లాకులూ

పోయిన వారం ఆఫీసు మీటింగులో మా మేనేజర్ గారు అడిగారు. "ఫ్లాష్ చిప్పులో 1024 బ్లాకులుంటే 20 ఎందుకు పక్కన పెట్టావు? వాడితే ఇంకొన్ని లాగులు పడతాయి కదా!"

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మాది కొత్తచెరువు. ఇప్పుడు సత్యసాయి జిల్లా అంటున్నారు గానీ, మాకింకా అనంతపురమే. వానను నమ్ముకుని శెనక్కాయ వేసే ఊరు. అవ్వ విత్తనం కాయలు ఎప్పుడూ రెండు మూటలు ఎక్కువే దాచేది. తొలి వానకి వేసింది ఎండిపోతే మళ్ళీ వేయాలి కదా. ఇంట్లో ఎంత ఇబ్బందొచ్చినా ఆ మూటలు విప్పనిచ్చేది కాదు.

సరే, అసలు సంగతికొద్దాం. 1980ల్లో హార్డ్ డిస్కు మీద చెడ్డ ట్రాకుల జాబితాతో ఒక చీటీ అంటించి అమ్మేవారు. ఫార్మాట్ చేసేవాళ్ళు అది చూసి టైపు చేసుకోవాలి. లోపం వాళ్ళది, తిప్పలు మనవి :)

1987లో తోషిబాలో మసువోకా బృందం నాండ్ ఫ్లాష్‌ని లోకానికి చూపించింది. ఇందులో ప్రతి బ్లాకూ బాగుండాలని పట్టుబడితే చిప్పు ధర కొనలేనంత అవుతుంది. అందుకే కొన్ని బ్లాకులు ఫ్యాక్టరీలోనే చెడిపోయి ఉంటాయి, వాటికో గుర్తు పెట్టి అమ్ముతారు. (కొత్త చిప్పుని చూడకుండా మొత్తం ఎరేజ్ చేస్తే ఆ గుర్తులూ పోతాయి. జాగ్రత్త!) వాడేకొద్దీ ఇంకొన్ని పోతాయి.

మరి పోయినవాటి చోట ఏం పెట్టాలి? హరారీ, నార్మన్, మెహరోత్రా 1989లో వేసిన పేటెంటు దరఖాస్తులో దీనికి జవాబుంది: లోపం కనబడగానే కంట్రోలరే దాని బదులు స్పేర్‌ని వాడాలి, పైవాడికి తెలియనే కూడదు. తర్వాత 1995లో వచ్చిన స్మార్ట్‌మీడియా కార్డుల్లో ప్రతి 1024 బ్లాకుల్లో 1000 మాత్రమే వాడకానికి ఇచ్చారు.

అన్నట్టు, ఆ మెహరోత్రా కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహరోత్రాయే. శాన్‌డిస్క్ స్థాపకుల్లో ఒకరు. 2017లో మైక్రాన్ సీఈఓ అయ్యారు. 2019లో ఆ కంపెనీ మన హైదరాబాదులో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది.

ఇక మా 20 సంగతి. 2007లో లినక్స్‌లోకి వచ్చిన యూబీఐ మొదట్లో 1 శాతమే, అంటే 1024కి పదే, పక్కన పెట్టేది. కానీ చాలా చిప్పుల డేటాషీట్లు ఇచ్చే హామీ 1024లో కనీసం 1004 బాగుంటాయని. అంటే ఫ్యాక్టరీలో పోయినవీ, తర్వాత పోయేవీ కలిపి 20 దాకా పోవచ్చు. 2012లో 3.7 కెర్నల్‌తో యూబీఐ లెక్క కూడా 1024కి 20 అయింది.

నా మొదటి ఉద్యోగంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. అప్పుడు కొత్త కదా, నోరు మూసుకుని రిజర్వు తగ్గించేశాను. ల్యాబులో అన్ని టెస్టులూ పాస్. ఏడాది తిరక్కుండానే బాక్సులు వాపసు రావడం మొదలైంది. స్పేర్లు అయిపోతే యూబీఐ రీడ్-ఓన్లీకి వెళ్ళిపోతుంది. ఉన్నది చదువుకోవచ్చు, కొత్తగా అక్షరం రాయలేం. విత్తనం తినేసి, పొలం గట్టున కూర్చున్నట్టన్నమాట.

స్పేర్‌తో చిక్కేంటంటే, అది బాగా పనిచేసినన్నాళ్ళూ వృథాగానే కనిపిస్తుంది. ఈసారి మాత్రం మీటింగులో నోరు విప్పాను. ప్రస్తుతానికి 20 బ్లాకులూ అలాగే ఉన్నాయి.

మీ ప్రాజెక్టుల్లో ఇలాంటి మూటలు ఎవరైనా విప్పమన్నారా? ఏం చేశారు?