బొంతకీ లేసుకీ మధ్య

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నామంటే మా మిన్నియాపోలిస్‌లో చలికాలం వచ్చేసినట్టే లెక్క. సాయంత్రం ఐదింటికల్లా చీకటి. ఆఫీసు పని ముగించి లాప్‌టాప్ మూసి తలెత్తేసరికి కిటికీలో మన మొహం తప్ప ఇంకేమీ కనబడదు. పోయిన ఏడాది ఆ రోజుల్లో అమ్మ మా దగ్గరుంది. ఆవిడ పెట్టె బరువు చూసి ఆవకాయ అనుకుని సంబరపడ్డాను. తీరా విప్పితే పైన ఆవకాయ ఉంది గానీ, అడుగున ఎనిమిది పాత నూలు చీరలు! "ఇవెందుకే?" అంటే, "మీ ఇక్కడి రజాయిలు దూదిపింజల్లా ఉంటాయిరా, ఒంటి మీద ఉన్నట్టే ఉండవు. బొంత కుడతాను" అంది.

అలా మొదలయింది. చూపు ఆనక సూదిలో దారం ఎక్కించే ఉద్యోగం నాకిచ్చారు. పది రోజుల్లో కుట్టే పనికి ప్రమోషన్ కూడా వచ్చింది :)

బొంత కుట్టడం చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అన్నిటికన్నా గట్టిగా ఉన్న చీరలు రెండు తీసి పక్కన పెడతారు. అవి పైకీ కిందకీ. చిరుగులు పడ్డవీ, మాసికలు వేసినవీ మడతలు పెట్టి మధ్యలో పరుస్తారు. ముడతలు లేకుండా చేత్తో నిమిరి, కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, అప్పుడు అంచు నుంచి లోపలికి వరసగా సన్న కుట్టు. అంతే, ఇంకే రహస్యం లేదు. చలి ఆపేది గుడ్డ కాదు, పొరల మధ్య చిక్కుకున్న గాలి. వందల సార్లు ఉతికిన చీర మెత్తగా ఒదుగుతుంది కాబట్టి కొత్త గుడ్డ కన్నా పాతదే బొంతకి మేలు. ఇంజనీరుని కదా, ఇది చెప్పకపోతే నిద్ర పట్టదు.

అందులో సుఖమేమిటో నాకు మొదట అర్థం కాలేదు. రోజంతా నేను చేసే పనిలో ప్రతిదానికీ ఓ టికెట్టు, ఓ గడువు, ఎవడో ఒకడి రివ్యూ. ఇక్కడ అవేమీ లేవు. గంటకి ఒక వరస నడుస్తుంది. నా కుట్లు పక్కకి పోతే అమ్మ చూసి, "పోన్లే, మధ్యలో ఉంది, ఎవరికి కనపడుతుంది" అంటుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

చేతులు ఊరికే ఉన్నా బుర్ర ఊరుకోదు కదా, ఈ గుడ్డల చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. తవ్వగానే మచిలీపట్నం తగిలింది. ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' అక్కడికి చేరింది 1611లో. డచ్చివాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి కావలసింది చీటిగుడ్డ. చిరివేరు నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం, పటిక పట్టించి, కలంతో గీసి, ఎన్ని ఉతుకులకైనా పోని రంగులు వేయడం అప్పట్లో యూరపు వాళ్ళకి చేతకాదు. పెద్ద చెట్టూ పూలూ గీసిన మంచం దుప్పటిని 'పలంగ్‌పోష్' అనేవాళ్ళు. ఇంగ్లీషువాడి నోట్లో అది 'పాలంపోర్' అయింది.

ఈ సరుకు దెబ్బకి అక్కడి నేతగాళ్ళు లబోదిబోమన్నారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం చేసింది, అది చాలక 1721లో ఇంకోటి. 1719లో లండన్ వీధుల్లో చీటిగుడ్డ గౌను వేసుకుని నడుస్తున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపేసిన సంఘటనలు కూడా ఉన్నాయి. మన ఊరి గుడ్డ కట్టుకుంటే లండన్లో బట్టలు చింపడమేమిటని నవ్వొస్తుంది గానీ, ఆ వీధిలో ఉన్న ఆవిడకి నవ్వొచ్చి ఉండదు.

మరి ఖరీదైన గుడ్డ, పైగా దొరకని గుడ్డ అయితే ఏం చేస్తారు? చిన్న పేలిక కూడా పారెయ్యరు. ఇంగ్లండులో కంబ్రియా ప్రాంతాన లెవెన్స్ హాల్ అని పాత భవంతి ఉంది. అక్కడ 1708 నాటిదని చెప్పుకునే అతుకుల బొంతా మంచం తెరలూ ఉన్నాయి, మన దేశపు చీటిగుడ్డ ముక్కలతో కుట్టినవి. ఆ దేశంలో మిగిలిన పాత అతుకు పనుల్లో అదొకటి. తర్వాత రోజుల్లో చీటిగుడ్డ మీది పూలనీ పిట్టల్నీ కత్తిరించి వేరే బట్ట మీద అతికి కుట్టడం అక్కడ ఒక కళే అయి కూర్చుంది. ఇదంతా అమ్మకి చెబితే, "అయితే వాళ్ళూ మనలాగే పీనాసులన్నమాట" అని తేల్చేసింది.

ఇక మా ఆవిడ. తను ఇక్కడి గ్రంథాలయంలో శనివారాలు నేర్పే ఉన్ని అల్లిక క్లాసుకి వెళ్తుంది. రెండు సూదులు, రెండే కుట్లు, నిట్, పర్ల్. ఒకటీ సున్నా అన్నమాట. నమూనా కాగితం చూస్తే అచ్చం ప్రోగ్రాములాగే ఉంటుంది, లూపులతో సహా. అల్లిక మరీ ప్రాచీనం కాదు. దొరికిన పాత నిజమైన అల్లికలు ఈజిప్టులో, సుమారు వెయ్యేళ్ళ నాటి నూలు మేజోళ్ళు. 1589లో విలియం లీ అనే ఆయన ఇంగ్లండులో మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. మగ్గానికి ఆవిరి రావడానికి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందన్నమాట. స్వదేశంలో ఎవరూ పట్టించుకోక ఫ్రాన్సు వెళ్ళి అక్కడే పోయాడు పాపం. 1811లో లడ్డైట్లు నాటింగ్‌హామ్ చుట్టుపక్కల పగలగొట్టిన వాటిలో ఎక్కువ ఈ మేజోళ్ళ యంత్రాలే. ఇప్పుడు మా వృత్తిలో లడ్డైట్ అంటే కొత్తది నేర్చుకోలేని మొద్దు అని తిట్టు. నిజానికి వాళ్ళు ఆ యంత్రం మీదే బతికే పనివాళ్ళు. దాని మీద నాసిరకం సరుకు తీసి కూలి తగ్గిస్తున్నారనేది వాళ్ళ గొడవ. కోడు రాసే యంత్రాలు వచ్చాక మా ఆఫీసులో ఆ తిట్టు వాడకం కాస్త తగ్గింది, ఎందుకో మరి!

సరే, అసలు విషయానికొస్తాను. రెండు సూదుల అల్లికకి నాలుగు వందల ఏళ్ళ కిందటే యంత్రం వచ్చింది. కొక్కెం సూదితో అల్లే క్రోషేకి మాత్రం, పరిశోధనశాలల్లో ప్రయత్నాలు తప్ప, అంగట్లో సరుకు తీసే యంత్రం ఇప్పటికీ లేదు. యంత్రాలు చేసేది దానిలా కనిపించే వేరే అల్లిక. అంటే మీరు ఏ దుకాణంలోనైనా నిజమైన క్రోషే టేబుల్ గుడ్డ చూశారంటే, దాని ధర ఎంతైనా కానివ్వండి, అది ఎవరో ఒకరు కూర్చుని చేత్తో అల్లిందే.

ఇది చదివి ఉత్సాహం పుట్టి మా ఆవిడ ఓ కొక్కెం సూదీ, తెల్ల నూలు దారపుండా కొనుక్కొచ్చి, "అత్తయ్యా, మీది నర్సాపురం వైపు కదా, లేసు నేర్పండి" అంది. అమ్మ చెయ్యి చాపలేదు. "బొంతలు ఎన్నయినా కుట్టిస్తానమ్మాయ్. ఆ సూది మాత్రం నా చేతికివ్వకు" అని మళ్ళీ బొంతలోకి తల వంచేసింది.

నాకు నలభై ఐదేళ్ళు. అమ్మకి లేసు వచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

తర్వాత వారం రోజుల్లో కుట్టు మధ్యలో ముక్కలు ముక్కలుగా చెప్పింది. తనకి తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు మొదలుపెట్టించారట. షావుకారు మనిషి దారపుండలు తెచ్చి ఇచ్చేవాడు, వారానికో పది రోజులకో వచ్చి అల్లిన పూలు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళేవాడు. మురికయిందనో, వదులుగా ఉందనో కొన్ని పక్కన పెట్టేవాడు, వాటికి డబ్బుల్లేవు. మధ్యాహ్నం గుమ్మంలో వెలుతురుకి, రాత్రి లాంతరు దగ్గర. ఒకళ్ళు పువ్వులే అల్లాలి, ఇంకొకళ్ళు అతకాలి. పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో పెళ్ళయ్యేదాకా చూడలేదట. "అమ్మమ్మ ఊరుకుందా?" అని అడిగాను. "ఊరుకోక? మీ అమ్మమ్మని అడిగితే నేను పనికెళ్ళనమ్మా, ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు కాలక్షేపానికి అల్లుకుంటాను అనేది. ఖాళీ ఎప్పుడుందిరా దానికి?"

ఆ ఒక్క ప్రశ్న మీద ఒక పుస్తకమే ఉంది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో ఉండి పరిశోధన చేసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ప్రచురించింది. అప్పటికి అమ్మ పెళ్ళయి వెళ్ళిపోయింది, అమ్మమ్మ ఇంకా అల్లుతూనే ఉంది. క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలో గోదావరి జిల్లాల్లో పేద ఆడవాళ్ళకి బతుకుతెరువుగా ఈ పని నేర్పారు. పోను పోను అది వ్యాపారుల చేతికి పోయింది. 1970ల్లో ఎగుమతులు బాగా పెరిగాయి. సరుకు యూరపుకీ, అమెరికాకీ, ఆస్ట్రేలియాకీ. అల్లేవాళ్ళు ఆడవాళ్ళు, అమ్మేవాళ్ళు మగవాళ్ళు. వాళ్ళ మధ్య దళారులు.

మీస్ గమనించిన అసలు సంగతేమిటంటే, ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఈ ఆడవాళ్ళని ఎవరూ కార్మికులనలేదు. జనాభా లెక్కల్లో గృహిణులు. వ్యాపారుల మాటల్లో తీరిక వేళ ఏదో అల్లుకునేవాళ్ళు. చాలామంది వాళ్ళే తమని అలా అనుకున్నారు. పొలం పనికి వెళ్ళే ఆడదానికి వీళ్ళ కన్నా ఎక్కువ కూలి వచ్చేది, కానీ గడప దాటకుండా ఉండటం పరువు. ఆ పరువుకి కట్టిన ధర కూలిలో తగ్గేది. తీరిక వేళ చేసే పనికి కూలి ఎంతిస్తారు, ఎందుకిస్తారు? ఒక్క మాటతో ఖర్చు తగ్గించుకోవడం అంటే ఇదే. మా పరిశ్రమలో 'మక్కువతో చేసే పని' అని ఒక మాట వాడుతుంటారు, శని ఆదివారాలు పని చేయించుకోవాల్సినప్పుడు. నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఇప్పుడు అమ్మమ్మ గుర్తొస్తోంది. పోలిక పెద్దదేలెండి, నా జీతం వేరు, ఆవిడ పూల లెక్క వేరు.

ఇది మన దగ్గరే అనుకోనక్కర్లేదు. ఇక్కడ అలబామాలో నది మలుపులో గీస్ బెండ్ అని నల్లవాళ్ళ పల్లె ఉంది, ఒకప్పుడు బానిసలు పత్తి పండించిన నేల. అక్కడి ఆడవాళ్ళు చలి ఇళ్ళలో పిల్లలని కాపాడుకోవడానికి పని బట్టల చిరుగులతో బొంతలు కుట్టారు. మిజూరి పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక, 1942లో, ఆయన పొలంలో వేసుకున్న బట్టలన్నీ కలిపి ఒక బొంత కుట్టుకుంది, కప్పుకుని ఆయన్ని తలుచుకోవడానికి. మోకాళ్ళ దగ్గర వెలిసిన ప్యాంటు గుడ్డ, మాసికలు, అన్నీ అలాగే కనిపిస్తాయి. 2002లో ఆ ఊరి బొంతలు న్యూయార్కు విట్నీ మ్యూజియం గోడలెక్కాయి.

కానీ నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకో సంగతి. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకున్నారు. ఓటు హక్కు కోసం నిలబడ్డందుకు ఉన్న ఇళ్ళూ పనులూ పోగొట్టుకున్న రోజులవి. ఆర్డర్లు వచ్చాయి, నాలుగు డబ్బులు కనిపించాయి. కానీ కొట్లకి కావలసింది అన్నీ ఒకేలా ఉండే నమూనాలు. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టారు, ఒకటే కొలత, ఒకటే కుట్టు. కత్తిరింపుల్లో మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇంటికి పట్టుకెళ్ళి, రాత్రిపూట తమ ఇష్టం వచ్చినట్టు బొంతలు కుట్టుకున్నారు. ఇప్పుడు మ్యూజియముల్లో ఉన్నవి ఆ పేలికల బొంతలు, దిండు గలీబులు కావు. అలాగని దిండ్ల పని చెడ్డదనను, ఇంట్లోకి డబ్బు తెచ్చింది అదే. నర్సాపురంలో కూడా అమ్మ హైస్కూలు ఫీజు కట్టింది ఆ పూలే.

నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త ఫోనులో చూపించాను అమ్మకి. కళ్ళజోడు సర్దుకుని చదివి, "గుర్తింపు ఊరికొచ్చిందా, అల్లేవాళ్ళకొచ్చిందా?" అంది. నా దగ్గర జవాబు లేక దారం ఎక్కించి ఇచ్చాను.

డిసెంబరు రెండో వారానికి బొంత పూర్తి కావచ్చింది. బయట అడుగు మంచు. మా ఆవిడ ఆ కొక్కెం సూదిని సొరుగులో పెట్టేసి తన ఉన్ని మఫ్లరులో పడింది. ఒక రాత్రి మంచినీళ్ళకి లేచి హాల్లోకి వస్తే దీపం వెలుగుతోంది. అమ్మ సోఫాలో కూర్చుని ఉంది, చేతిలో ఆ సూది. అరచెయ్యంత పువ్వొకటి అల్లి, వెలుతురుకి పట్టి చూసుకుంటోంది. అరవై ఏళ్ళ తర్వాత కూడా వేళ్ళు ఎంత వేగంగా తిరుగుతున్నాయో! నన్ను చూసి, "మర్చిపోయానేమోనని చూశాన్రా, అంతే" అంది.

ఆ పువ్వుని బొంత మీద ఒక మూలన కుట్టాం. అంటే ఆవిడ పెట్టింది, నేను కుట్టాను. కుట్లు కొంచెం వంకరగా వచ్చాయి, ఈసారి పైకే కనబడుతున్నాయి.